వేరు వేరు కోర్సుల పిల్లలకు వైద్యంలో కలిసి పనిచేయడం నేర్పడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మెడికల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ కాలేజీల్లో పాఠాలు చెప్పే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ చదివే పిల్లలు అంతకంటే ఎక్కువ. వేరు వేరు కోర్సుల పిల్లల్ని కలిపి నేర్పించే క్లాసులు నేను నడుపుతానని తెలిసిన దగ్గర్నుంచి టీచర్లూ, పిల్లలూ అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న అవసరమైతే నేరుగా దాని దగ్గరికే వెళ్లి చదువుకోండి. పైనుంచి కిందికి వరసగా చదవాల్సిన పని లేదు.

## మొదలుపెట్టే ముందు

ఎంబీబీఎస్ వాళ్లనీ నర్సింగ్ వాళ్లనీ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒకే లెక్చర్ చెప్తున్నాం. అది చాలదా?

చాలదు. ఒకే హాల్లో కూర్చున్నా వాళ్లు ముందు వరసలో ఒక గుంపు, వెనక వరసలో ఒక గుంపుగానే కూర్చుంటారు, అలాగే లేచి వెళ్లిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఈ విషయం మీద ఒక మార్గదర్శక పత్రం తెచ్చింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలని అందులో ఉంది. లెక్చర్ హాల్లో ఈ మూడింట్లో ఒక్కటీ జరగదు.

పరీక్ష చాలా సులువు. క్లాసు అయ్యాక ఒక ఎంబీబీఎస్ అబ్బాయిని పిలిచి, "ఈ రోజు నర్సింగ్ స్టూడెంట్ చెప్పగా నీకు కొత్తగా తెలిసింది ఏమిటి?" అని అడగండి. జవాబు రాకపోతే జరిగింది కలిసి కూర్చోవడమే, కలిసి నేర్చుకోవడం కాదు.

దీనివల్ల రోగికి నిజంగా మేలు జరుగుతుందని రుజువు ఉందా?

ఉంది, కానీ ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పాలి. ఈ రకం శిక్షణ మీద 2013లో వచ్చిన కాక్రేన్ (వైద్య అధ్యయనాలను జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 15 అధ్యయనాలను పరిశీలించింది. వాటిలో 7 మేలు చూపించాయి, 4 కొన్ని విషయాల్లో మేలు చూపి కొన్నింట్లో చూపలేదు, మిగతా 4 ఏ తేడా లేదన్నాయి. అధ్యయనాలు ఒకదానికొకటి పోలికలేనంత వేరుగా ఉండడంతో, శిక్షణలో ఏ భాగం పనిచేసిందో గట్టిగా చెప్పలేమని కూడా ఆ సమీక్షే చెప్పింది.

పనిచేసే చోట జట్టు సరిగా మాట్లాడుకుంటే ఏమవుతుందో మాత్రం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆపరేషన్ థియేటర్‌లో వాడే 19 అంశాల భద్రతా చెక్‌లిస్టును ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో వాడి చూసి 2009లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఆ లిస్టులో ఒక అంశం ఏమిటంటే, కోత పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలి. తగ్గుదలంతా ఆ ఒక్క అంశం వల్లే అని ఎవరూ అనలేరు. కానీ పేరు చెప్పుకున్న మనిషి ఆ తర్వాత తప్పు కనపడితే నోరు తెరవడం తేలిక. మన పిల్లలకు చదువుకునే రోజుల్లోనే అలవాటు చేయాల్సింది అదే.

ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) సిలబస్‌లో ఇది ఉందా? ప్రిన్సిపాల్‌ని ఏమని ఒప్పించాలి?

ఎంబీబీఎస్ వైపు ఆధారం బలంగానే ఉంది. 2019 బ్యాచ్ నుంచి వచ్చిన సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో, బయటికి వచ్చే డాక్టర్ ఆరోగ్య బృందానికి నాయకుడిగానూ అందులో సభ్యుడిగానూ పనిచేయగలగాలి అని స్పష్టంగా రాశారు. అందులో వైఖరి, నీతి, మాట్లాడే తీరు నేర్పే భాగమైన ఎట్‌కామ్‌లో బృందంలో పనిచేయడం గురించి ప్రత్యేకంగా ఒక మాడ్యూల్ కూడా ఉంది. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లేటప్పుడు "కొత్త ప్రోగ్రాం" అనకండి. "ఎట్‌కామ్ గంటల్లోనే చేస్తాం సర్, నర్సింగ్ వాళ్లను కూడా పిలుస్తాం" అనండి. సంతకం తొందరగా పడుతుంది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మన దేశంలో ఒక్కో వృత్తికి ఒక్కో చట్టం, ఒక్కో మండలి. నర్సింగ్‌కి మొదట 1947 చట్టం, దాని స్థానంలోకి 2023లో చేసిన కొత్త చట్టం, ఫార్మసీకి 1948 చట్టం, ఫిజియోథెరపీ లాంటి అలైడ్ కోర్సులకు 2021లో వచ్చిన చట్టం. ఎవరి సిలబస్ వాళ్లు రాసుకున్నారు.  అయితే కర్ణాటకలో మనకు ఒక అనుకూలత ఉంది. 1996లో ఏర్పడిన రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కిందే మెడికల్, డెంటల్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ కాలేజీలు చాలావరకు ఉన్నాయి. చెన్నైలో గిండీలోని ఎంజీఆర్ మెడికల్ యూనివర్సిటీ కూడా ఇలాంటిదే. యూనివర్సిటీ ఒకటే కాబట్టి పరీక్షల తేదీలు ముందే చూసుకుని అందరికీ ఖాళీగా ఉండే వారం వెతుక్కోవచ్చు.

ఏ సంవత్సరం పిల్లలతో మొదలుపెట్టాలి?

దీని మీద రెండు వాదనలున్నాయి, రెండింట్లోనూ నిజం ఉంది. మొదటి సంవత్సరంలోనే మొదలుపెడితే "మేము పైన, వాళ్లు కింద" అనే భావం ఇంకా గట్టిపడి ఉండదు. కానీ అప్పటికి వాళ్లకు తమ పనే తెలియదు, ఇంకొకరికి ఏం చెప్తారు? చివరి సంవత్సరాల్లో చెప్పడానికి విషయం ఉంటుంది, కానీ అభిప్రాయాలు అప్పటికే బిగుసుకుపోయి ఉంటాయి.

నేనైతే రెండు విడతలు మేలంటాను. మొదటి సంవత్సరంలో పరిచయం మాత్రమే పెట్టండి. ఒక ఎంబీబీఎస్ విద్యార్థి ఒక పూటంతా ఒక నర్సు వెంట తిరగాలి, ఆవిడ ఎన్నిసార్లు నడిచింది, ఎన్ని పనులు మధ్యలో ఆగిపోయాయి అన్నది చూసి రాసుకోవాలి. నర్సింగ్ స్టూడెంట్ ఒక పూట హాస్పిటల్ ఫార్మసీలో ఉండాలి. అసలు కేసులు మాత్రం అందరూ వార్డుల్లోకి వచ్చాకే. అప్పుడు కోర్సు సంవత్సరం కాదు, వార్డు అనుభవం చూసి జత కట్టండి. బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది అమ్మాయి వార్డులో గడిపిన గంటలు మూడో ఏడాది ఎంబీబీఎస్ అబ్బాయి గడిపిన వాటికంటే చాలా ఎక్కువ ఉంటాయి. ఈ సంగతి ఇద్దరికీ తెలియడం కూడా పాఠమే.

మాది విడి నర్సింగ్ కాలేజీ. మెడికల్ కాలేజీ పక్కన లేదు. మేమేం చేయాలి?

బెంగళూరులో ఇలాంటి కాలేజీలే ఎక్కువ కదా. మీ పిల్లలు క్లినికల్ పోస్టింగ్‌కి ఏ ఆసుపత్రికి వెళ్తారో అక్కడే మొదలుపెట్టండి. అక్కడ హౌస్ సర్జన్లో, ఫార్మ్-డి (ఆసుపత్రి మందుల మీద నడిచే ఫార్మసీ కోర్సు) ఇంటర్న్‌లో, ఫిజియో పిల్లలో ఎవరో ఒకరు ఉంటారు. రెండు వృత్తులు చాలు, అన్నీ ఉండాలని ఆగొద్దు. నర్సింగ్‌కీ ఫార్మ్-డీకీ మధ్య జత చాలా బాగా కుదురుతుంది. మందు ఇచ్చే చెయ్యి ఒకరిది, మందు సంగతి బాగా తెలిసిన బుర్ర ఇంకొకరిది.

ఇలా కలిసి పనిచేసే పద్ధతి మన దగ్గర ఎక్కడైనా ఉందా, లేక ఇదంతా విదేశాల మాటా?

మన ఊళ్లోనే ఉంది. బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో మానసిక రోగిని సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సు కలిసి చూస్తారు. ఈ శాఖల్లో శిక్షణ పొందేవాళ్లు కూడా ఆ పద్ధతిలోనే నేర్చుకుంటారు. ఇల్లు, డబ్బు, పెళ్లి, మందు అన్నీ ముడిపడిన జబ్బును ఒక్కరే చూడలేరని ఆ రంగం ఎప్పుడో ఒప్పుకుంది. మణిపాల్‌లో ఈ విద్య కోసం అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. బెంగళూరు సెయింట్ జాన్స్, చెన్నై పోరూరులోని శ్రీరామచంద్ర లాంటి చోట్ల మెడికల్, నర్సింగ్, అలైడ్ కోర్సులు ఒకే ఆవరణలో ఉన్నాయి. అలాంటి చోట సగం ఇబ్బంది తీరినట్టే.

## కేసు తయారు చేసేటప్పుడు

ఎలాంటి కేసు తీసుకోవాలి? మా దగ్గర ఉన్న పీజీ కేసులే వాడొచ్చా?

వాడకండి. అరుదైన జబ్బు పేరు కనిపెట్టే కేసుల్లో మెడికల్ విద్యార్థి ఒక్కడే మాట్లాడతాడు, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు. జబ్బు ఏమిటో మొదటి వాక్యంలోనే చెప్పేయండి. కష్టం వైద్యం నడిపించడంలో ఉండాలి. ఒక్కరి దగ్గరున్న సమాచారంతో కేసు తేలకూడదు.

నేను వాడే ఒక కల్పిత కేసు ఇది. హిందూపురం నుంచి వచ్చిన 62 ఏళ్ల ఆవిడ. పదిహేనేళ్లుగా షుగర్. కాలి పుండుతో బెంగళూరులో అడ్మిట్ అయ్యి, పుండు మానుతుండగా డిశ్చార్జ్ అవుతోంది. మందుల చీటీలో ఇన్సులిన్ ఉదయం 10 యూనిట్లు అని ఉంది. ఇంతవరకే అందరికీ ఇస్తాను. మిగతాది చీటీల మీద ఒక్కొక్కరికి ఒక్కో ముక్క.

నర్సింగ్ స్టూడెంట్ చీటీలో, ఇంట్లో ఇంజెక్షన్ ఇచ్చేది కోడలు అని, ఆమె దగ్గర ఎర్ర మూత ఉన్న పాత సిరంజీలు ఒక ప్యాకెట్ ఉన్నాయని ఉంటుంది. ఫార్మ్-డి విద్యార్థి చీటీలో, ఈసారి రాసింది ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ (మందు నింపిన చిన్న గొట్టం) అని ఉంటుంది. ఆప్టోమెట్రీ (కంటిచూపు పరీక్షల కోర్సు) విద్యార్థి దగ్గర, ఆవిడకు దగ్గరి చూపు సరిగా లేదు, సిరంజీ మీద గీతలు కనపడవు అని. డైటీషియన్ విద్యార్థి దగ్గర, పొద్దున తొమ్మిదిన్నరకు గానీ సంగటి తినదు, ఇంజెక్షన్ మాత్రం ఆరింటికే అయిపోతుంది అని. ఫిజియో విద్యార్థి దగ్గర, పుండు మీద బరువు పడకుండా ఇచ్చిన చెప్పులు ఇంట్లో వేసుకోదు, గడప లోపల చెప్పులేమిటి అంటుంది అని.

ఇప్పుడు లెక్క చూడండి. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తాయి, వాటికి ఎర్ర మూత సిరంజీ. పెన్ను కార్ట్రిడ్జ్ బలం మిల్లీలీటరుకు 100 యూనిట్లు. పెన్ను ఖరీదని కొనకుండా, కోడలు కార్ట్రిడ్జ్‌లోంచి పాత ఎర్ర మూత సిరంజీతో 10 గీత వరకు లాగితే లోపలికి వెళ్లేది 10 కాదు, 25 యూనిట్లు. తిండి ఇంకా మూడున్నర గంటల తర్వాత. షుగర్ పడిపోయి ఆవిడ స్పృహ తప్పుతుంది. చీటీ రాసిన డాక్టర్ తప్పు రాయలేదు. మందు ఇచ్చిన షాపు తప్పు మందు ఇవ్వలేదు. ఎవరి పని వాళ్లు సరిగ్గా చేసినా రోగి ప్రాణం మీదికి వస్తుంది. ఈ ప్రమాదం నర్సింగ్ చీటీనీ ఫార్మసీ చీటీనీ పక్కపక్కన పెడితేనే కనపడుతుంది. అది కనపడిన క్షణంలో గదిలో అందరూ ఒక్కసారిగా ముందుకు వంగుతారు. కేసు ఎంచుకునేటప్పుడు అలాంటి ముడి అందులో ఉందో లేదో చూసుకోండి.

ఒక గ్రూపులో ఎంతమంది ఉండాలి?

ఆరు నుంచి ఎనిమిది. వీలైనంతవరకు ఏ కోర్సు నుంచైనా ఒంటరిగా ఒక్కరే ఉండకుండా చూడండి, కనీసం ఇద్దరుంటే ధైర్యంగా మాట్లాడతారు. మెడికల్ వాళ్లు సగానికి మించకూడదు.

టైమ్‌టేబుల్ అస్సలు కుదరడం లేదు. ఏం చేయమంటారు?

ఈ పని ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. నర్సింగ్ పిల్లలకు పొద్దున షిఫ్టు, మెడికల్ వాళ్లకు మధ్యాహ్నం థియరీ, ఫార్మసీ వాళ్లు ఊరి ఇంకో చివర. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్ దాటి రావాలంటేనే ఒక పూట పోతుంది.

వారం వారం పెట్టాలని ప్రయత్నించకండి. ఒక టర్ములో రెండు మూడు పూటలు, ఒక్కోటి మూడు గంటలు, విద్యా సంవత్సరం మొదట్లోనే అన్ని కాలేజీల క్యాలెండర్లో అచ్చు వేయించండి. అచ్చయిన తేదీని ఎవరూ అంత తేలిగ్గా జరపరు. చదివి రావాల్సింది ముందే ఫోన్లకు పంపేయండి, కలిసినప్పుడు లెక్చర్ వద్దు. కలిసిన మూడు గంటలూ మాట్లాడుకోవడానికే.

నడిపించేది డాక్టరే అయి ఉండాలా?

అవసరం లేదు. ఇద్దరు ఉండాలి, ఇద్దరూ వేరు వేరు వృత్తుల వాళ్లయి ఉండాలి. ప్రొఫెసర్ డాక్టర్ గారు మాట్లాడుతుంటే నర్సింగ్ ట్యూటర్ గారు పక్కన హాజరు తీసుకుంటూ కూర్చుంటే పిల్లలు ఆ రోజు నేర్చుకునేది అదే. కేసు మొదలుపెట్టడం నర్సింగ్ టీచర్‌కి, ముగించడం డాక్టర్‌కి ఇచ్చి, తర్వాతి సారి తారుమారు చేయండి. ముందు రోజు ఇద్దరూ అరగంట కూర్చుని, ఎక్కడ ఎవరు మాట్లాడాలో, ఎక్కడ మౌనంగా ఉండాలో అనుకోవడం తప్పనిసరి. టీచర్‌కి అన్నిటికంటే కష్టమైనది ఆ మౌనమే.

## గదిలో కలిసి కూర్చున్నప్పుడు

నర్సింగ్ అమ్మాయిలు నోరే విప్పరు. ఎంత అడిగినా "తెలియదు సర్" అంటారు. ఎందుకు?

వాళ్లకు తెలియక కాదు. వాళ్లను విడిగా అడిగి చూడండి, ఏ బెడ్ దగ్గర ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్తారు. గదిలో మాట రాకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. కొందరు తెలుగు మీడియంలో చదివి వచ్చారు, ఎదుటివాళ్ల ఇంగ్లిష్ ధాటిగా ఉంటుంది. మొదటి రోజు నుంచే డాక్టర్ వస్తే లేచి నిలబడాలని నేర్పాం. వీళ్లు యూనిఫాంలో వస్తారు, మెడికల్ వాళ్లు తెల్లకోటులో వస్తారు. గదిలోకి అడుగుపెట్టకముందే ఎవరు ఎక్కడో తేలిపోయింది.

గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే ఒక మాట రాశాడు. రెండు వర్గాల మధ్య దూరం తగ్గాలంటే ఊరికే కలపడం చాలదు. ఆ కలిసిన చోట ఇద్దరికీ సమాన స్థాయి ఉండాలి, ఒకటే లక్ష్యం ఉండాలి, సాయం చేసుకుంటేనే పని కావాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి. ఇవి లేకుండా కలిపితే ఉన్న దురభిప్రాయాలు ఇంకా బలపడే ప్రమాదం ఉంది.

కాబట్టి గదిలో సమాన స్థాయిని మనమే తయారు చేయాలి. కోట్లు బయట తగిలించి రమ్మనండి. కుర్చీలు గుండ్రంగా వేయండి. మెడలో పేరు మాత్రమే, కోర్సు రాయొద్దు. పిల్లలు ఒకరినొకరు పేరుతోనే పిలుచుకోవాలి, ఆ గదిలో "డాక్టర్", "సిస్టర్" వద్దు. కేసులో కీలకమైన ముక్క నర్సింగ్ స్టూడెంట్ చేతిలోనే ఉంచండి, అప్పుడు ఆమెను మాట్లాడమని టీచర్ బతిమాలక్కర్లేదు, మిగతా ఏడుగురూ అడుగుతారు. మొదటి ఐదు నిమిషాలు అందరూ రాసుకోవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి, మెడికల్ వాళ్లు చివర్లో మాట్లాడాలి. ఆమె తెలుగులో చెప్తే పక్కవాళ్లు ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పొచ్చు. ఆమె చెప్పిన విషయాన్ని బోర్డు మీద ఆమె పేరుతో రాయండి. రెండో సెషన్‌కి తేడా కనపడుతుంది.

మెడికల్ పిల్లలు "నీట్ పీజీకి చదువుకోవాలి, ఇది టైమ్ వేస్ట్" అంటారు. ఏం చెప్పాలి?

వాళ్ల టెన్షన్ నిజమైనదే, కొట్టిపారేయకండి. నీతి బోధ కూడా చేయకండి. వాళ్లకు రేపు ఎదురయ్యే సంగతి చెప్పండి. హౌస్ సర్జన్సీ మొదటి రాత్రి డ్యూటీలో, పక్కన సీనియర్ లేనప్పుడు, క్యాజువాలిటీలో ఏ మందు ఏ అలమారాలో ఉందో, ఏ పేషెంట్ నిన్నటికంటే ఈ రోజు తేడాగా ఉన్నాడో చెప్పేది అక్కడ పదేళ్లుగా పనిచేస్తున్న నర్సు. ఆవిడతో మాట్లాడడం రాని డాక్టర్‌కి ఆ రాత్రి చాలా పొడుగ్గా గడుస్తుంది.

ఒక మంచి కేసు పది ఉపన్యాసాల కంటే ఎక్కువ పనిచేస్తుంది. తాను రాసిన చీటీ ఇంటికి వెళ్లాక ఏమైపోతుందో చూసిన విద్యార్థి మళ్లీ ఆ మాట అనడు.

ఏ భాషలో నడపాలి? మా గ్రూపులో తెలుగు, కన్నడం, మలయాళం, హిందీ అన్నీ ఉన్నాయి.

చర్చ ఇంగ్లిష్‌లో సాగినా, రోగితో మాట్లాడే భాగం రోగి భాషలోనే జరగాలి. బెంగళూరు ఆసుపత్రుల్లో రోగి కన్నడం మాట్లాడతాడు, లేదా మదనపల్లె నుంచి వచ్చి తెలుగు మాట్లాడతాడు. గ్రూపులో ఆ భాష వచ్చినవాళ్లు ఏ కోర్సు వాళ్లయినా సరే, ఆ కాసేపు వాళ్లే ముందుండాలి. ఒక తెలుగు ఫిజియో అమ్మాయి రోగి మాటను మిగతావాళ్లకు చెప్తుంటే గ్రూపులో ఆమె స్థానం సహజంగానే మారిపోతుంది. ఒక్క జాగ్రత్త: అనువదించేటప్పుడు రోగి అన్నది అన్నట్టు చెప్పాలి, సొంత తాత్పర్యం కలపకూడదని ముందే నేర్పండి. తెలుగు పిల్లలు కన్నడం నేర్చుకోవాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

డాక్టర్ చెప్పింది తప్పనిపిస్తే నర్సింగ్ స్టూడెంట్ ఎలా చెప్పాలి? మర్యాద తప్పకుండా?

ధైర్యంగా ఉండు అంటే ధైర్యం రాదు, నోట్లో తిరిగే వాక్యాలు కావాలి. అమెరికాలో 2006లో టీమ్‌స్టెప్స్ అనే శిక్షణ మొదలైంది, అందులో మూడు మెట్లు నేర్పుతారు. వాటిని మన మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు. మొదట: "సర్, ఈ డోసు చూస్తే నాకు భయంగా ఉంది." వినకపోతే: "సర్, ఇది ఇవ్వడానికి నాకు మనసు ఒప్పడం లేదు, ఒకసారి చూస్తారా?" అప్పటికీ వినకపోతే: "సర్, ఇది పేషెంట్ ప్రాణానికి సంబంధించిన విషయం. సీనియర్‌ని అడిగాకే ఇస్తాను." ప్రతి వాక్యంలోనూ సర్ ఉంది, మర్యాద ఎక్కడా తగ్గలేదు. తగ్గాల్సింది భయం.

ఒకసారి చెప్పి ఊరుకోకూడదు, కనీసం రెండుసార్లు చెప్పాలి అన్నది కూడా అక్కడి నియమమే. మొదటిసారి వినపడకపోయి ఉండొచ్చు. ఈ వాక్యాలను పిల్లల చేత గట్టిగా పలికించండి. అంతకంటే ముఖ్యం, ఎదురుగా ఉన్న మెడికల్ విద్యార్థి చేత జవాబు పలికించండి: "చెప్పినందుకు థ్యాంక్స్, చూద్దాం పదండి." ఈ రెండో భాగం నేర్పకుండా మొదటిది మాత్రమే నేర్పితే భారమంతా ఆ అమ్మాయి మీదే పడుతుంది. అది అన్యాయం.

## వార్డులోకి వెళ్లాక

ఎస్‌బార్ ఎస్‌బార్ అంటారు, అదేమిటి? ఉదాహరణ చెప్పండి.

రోగి గురించి ఇంకొకరికి చెప్పేటప్పుడు వాడే నాలుగు ముక్కల క్రమం: ఇప్పుడున్న పరిస్థితి, వెనక జరిగింది, నా అంచనా, మీరు చేయాల్సింది. అమెరికా నౌకాదళంలోని అణు జలాంతర్గాముల్లో వాడే పద్ధతిని కొలరాడోలోని కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల వాళ్లు వైద్యానికి తెచ్చారు.

రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ అనుకోండి. "సర్, మేల్ సర్జికల్ వార్డు నుంచి మాట్లాడుతున్నాను. 14వ బెడ్ పేషెంట్‌కి పల్స్ 128, బీపీ 90/60. నిన్న మధ్యాహ్నం అపెండిక్స్ ఆపరేషన్ అయింది, సాయంత్రం వరకు బాగానే ఉన్నారు, రాత్రి పదింటికి పల్స్ 96 ఉంది. లోపల రక్తం పోతోందేమో అని నా అనుమానం. మీరు వెంటనే వచ్చి చూడాలి. మీరు వచ్చేలోపు నన్నేం మొదలుపెట్టమంటారు?"

మూడో ముక్క దగ్గర మన పిల్లలు ఆగిపోతారు. "అనుమానం చెప్పడానికి నేనెవర్ని?" అనుకుంటారు. ఆ ముక్క చెప్పడమే అభ్యాసం. ఫోన్ అవతల ఉన్న మెడికల్ విద్యార్థి, విన్న ఆర్డర్‌ని నర్సు తిరిగి చదివి వినిపించేదాకా ఫోన్ పెట్టకూడదని నేర్పండి.

నిజమైన రోగుల దగ్గర పిల్లల జట్టును వదలడం రిస్క్ కాదా?

వదలడం కాదు, పక్కన ఉండి చేయించడం. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌లో 1996లోనే మెడికల్, నర్సింగ్, ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థులు కలిసి ఒక ఆర్థోపెడిక్ శిక్షణ వార్డు నడపడం మొదలైంది. సూపర్‌వైజర్లు వెనకే ఉంటారు, నిర్ణయం అమలయ్యే ముందు వాళ్లు చూస్తారు.

మనం వార్డంతా పెట్టక్కర్లేదు. రెండు బెడ్లు చాలు. రోగి దగ్గర, ఇంటివాళ్ల దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. మందు మార్చే అధికారం విద్యార్థులకు ఉండదు. డిశ్చార్జ్ సమయంలో ఇంటివాళ్లకు అన్నీ వివరించే పని వాళ్లకు ఇవ్వండి. మామూలుగా ఆ పని హడావిడిలో సరిగా జరగదు కాబట్టి రోగికీ లాభమే.

మా దగ్గర సిమ్యులేషన్ ల్యాబ్ లేదు.

పర్వాలేదు. రోగిగా నటించే ఒక మనిషి, ఒక మంచం, రెండు ఫోన్లు ఉంటే చాలు.

సీనియర్ డాక్టర్లే నర్సుల మీద అరుస్తుంటే మేం నేర్పిందంతా ఏమవుతుంది?

దెబ్బతింటుంది. దాన్ని దాచిపెట్టి లాభం లేదు. పిల్లలు క్లాసులో విన్నదానికంటే వార్డులో చూసిందే ఎక్కువ నేర్చుకుంటారు. అందుకే ప్రతి వార్డు పోస్టింగ్ తర్వాత అరగంట కలిసి కూర్చోబెట్టి, "ఈ వారం ఎవరు ఎవరితో ఎలా మాట్లాడారు? అప్పుడు రోగి పక్కన ఏం జరిగింది?" అని అడగండి. పేర్లు చెప్పనివ్వకండి, జరిగింది మాత్రమే చెప్పించండి. అరిచిన డాక్టర్‌కి ఆ నర్సు మళ్లీసారి అనుమానం వచ్చినా ఫోన్ చేయదు అని పిల్లలే గుర్తుపడతారు. మంచిగా మాట్లాడే సీనియర్లు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. మీ పోస్టింగులు ముందు వాళ్ల యూనిట్లలో పెట్టించుకోండి.

ఊళ్లలో పోస్టింగ్ ఉన్నప్పుడు ఇది చేయొచ్చా?

అక్కడే ఇంకా బాగా కుదురుతుంది. ఎంబీబీఎస్ పిల్లలు ఇప్పుడు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకుని కోర్సులో భాగంగా చూడాలి. నర్సింగ్ వాళ్లకూ కమ్యూనిటీ పోస్టింగ్ ఉంది. ఇద్దరినీ ఒకే ఇంటికి పంపండి. ఆ ఊరి ఆశా కార్యకర్తను టీచర్‌గా కూర్చోబెట్టండి. ఏ ఇంట్లో ఎవరు మందులు వేసుకోవడం మానేశారో, ఎందుకు మానేశారో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

## మార్కులు, కొలతలు

దీనికి మార్కులు పెట్టాలా?

పెట్టకపోతే రారు, పెడితే మార్కుల కోసమే వస్తారు. మధ్యే మార్గంగా హాజరు, రాతపూర్వక అనుభవ నివేదిక ఇంటర్నల్ అసెస్‌మెంట్‌లో కలపండి. మార్కు ఇస్తే గ్రూపుకి ఇవ్వండి, మనిషికి కాదు. ఒక్కటి మాత్రం ఖచ్చితం: అన్ని కోర్సుల వాళ్లకూ ఒకేలా ఉండాలి. నర్సింగ్ వాళ్లకు తప్పనిసరి, మెడికల్ వాళ్లకు ఇష్టమైతే రావచ్చు అన్నామంటే సమానత్వం అక్కడే పోయింది.

పిల్లలు మారారో లేదో ప్రశ్నాపత్రంతో కొలవొచ్చా?

కలిసి నేర్చుకోవడానికి ఎంత సిద్ధంగా ఉన్నారో కొలిచే, 1999లో ఇంగ్లండ్‌లో తయారైన 19 ప్రశ్నల రిపుల్స్ అనే స్కేలును చాలామంది వాడుతున్నారు. పరిశోధన పత్రం రాయడానికి పనికొస్తుంది. కానీ మొదటి రోజే అందరూ "కలిసి పనిచేయడం మంచిది" అని టిక్కు పెట్టేస్తారు, చివరి రోజు పెరగడానికి చోటే ఉండదు. నేను ప్రవర్తన చూడమంటాను. పోస్టింగ్‌లో ఒక పేషెంట్ గురించి వేరే కోర్సు వాళ్లను ఎవరైనా తమంతట తాము ఏదైనా అడిగారా? దాంతో ప్లాన్‌లో ఏదైనా మారిందా? ఈ రెండింటినీ లాగ్‌బుక్‌లో రాయించండి.

## విద్యార్థులు అడిగేవి

నర్సింగ్ చదువుతున్నాను. ఇవన్నీ నేర్చుకుంటే ఉద్యోగానికి ఉపయోగమా?

అవును. విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకు మరీను. అక్కడి ఆసుపత్రుల్లో షిఫ్టు మారేటప్పుడు పద్ధతిగా అప్పగింత చెప్పడం, అనుమానం వస్తే ప్రశ్నించడం రోజువారీ పని. ఇక్కడి కార్పొరేట్ ఆసుపత్రుల ఇంటర్వ్యూల్లో కూడా "డాక్టర్ ఆర్డర్ తప్పనిపిస్తే ఏం చేస్తావు?" అనే రకం ప్రశ్నలు వేస్తారు.

నేను ఫార్మ్-డి స్టూడెంట్‌ని, ఊరు కదిరి. రౌండ్స్‌లో నన్నెవరూ పట్టించుకోరు, వెనకాల నిలబడి వస్తున్నాను. నేనేం చేయాలి?

ఫార్మ్-డి మన దేశంలో 2008లోనే మొదలైంది. చాలామంది సీనియర్ డాక్టర్లు చదువుకునేటప్పుడు ఆ కోర్సే లేదు. మీరేం చేయగలరో వాళ్లు చూడలేదు, అంతే. దాన్ని అవమానంగా తీసుకోకండి.

రౌండ్స్‌కి గంట ముందు వెళ్లి ఒక్క పేషెంట్‌ని మాత్రమే పూర్తిగా చదవండి. చెప్పాల్సింది ఒక్క విషయం, రోగికి పనికొచ్చేది, ఒక్క నిమిషంలో అయిపోయేది. "మేడం, 6వ బెడ్ పేషెంట్ ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గింది, మెట్‌ఫార్మిన్ ఇంకా నడుస్తోంది, ఆపమంటారా?" చాలు. (ఈజీఎఫ్ఆర్ అంటే కిడ్నీల పనితీరు కొలత.) పుస్తకంలో మందుకీ మందుకీ పడవని ఉన్న పది ఇంటరాక్షన్లు ఏకరువు పెట్టకండి. ప్రొఫెసర్‌తో కాకుండా ముందు హౌస్ సర్జన్‌తో, డ్యూటీ నర్సుతో స్నేహం చేసుకోండి. మందు పడకపోవడం కనపడితే ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల నమోదు) ఫారం నింపడంలో వాళ్లకు సాయం చేయండి. 2010 నుంచి నడుస్తున్న ఆ జాతీయ కార్యక్రమానికి డాక్టర్, నర్సు, ఫార్మసిస్టు ఎవరైనా రిపోర్ట్ చేయొచ్చు, ముగ్గురూ కలిసి పంపితే ఇంకా మంచిది.

ఇంకొకటి, మీకున్న బలం మీరు గమనించి ఉండరు. ఆ వార్డులో హిందూపురం నుంచో, కదిరి నుంచో వచ్చిన తెలుగు పేషెంట్లు ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చుని, "పెద్దమ్మా, ఇంటి దగ్గర ఇంకేమైనా మందులు వాడుతున్నావా? మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి, నాటు మందులు, ఏవైనా సరే" అని అడగండి. కీళ్ల నొప్పికని రోజూ వేసుకునే బిళ్ల గురించి ఆవిడ డాక్టర్‌కి చెప్పి ఉండదు, మీకు చెప్తుంది. దాన్ని కేస్‌షీట్‌లో ఎక్కించమని హౌస్ సర్జన్‌కి చెప్పండి, నర్సుకి కూడా చెప్పండి. రేపటి రౌండ్స్‌లో ఆ బెడ్ దగ్గరికి రాగానే మిమ్మల్ని ముందుకు పిలుస్తారు.